డకోటా అంటే డొక్కు కాదు గురూ!

హారన్ తప్ప మిగతావన్నీ మోగే బండి ఒకటి వీధి మలుపులో కనబడితే మన కుర్రకారు ఏమంటారు? "అదిగో వొచ్చిందిరా డకోటా!" అంటారు. అద్దాలు గడగడలాడే బస్సయినా, తన్నగా తన్నగా ఇరవయ్యో తన్నుకి స్టార్టయ్యే స్కూటరయినా పేరు ఒకటే... డకోటా! ఇతరుల సంగతెందుకు, మా వూరి బస్సుని నేను ఎన్నిసార్లు ఆ మాట అన్నానో లెక్కలేదు. ఆ పేరు అసలు ఎవరిదో తెలీకుండానే అన్నాను. ఈ వారం ఆ పాపం కడుక్కునే అవకాశం ఒక ఉత్తరం రూపంలో వచ్చింది.

ఉత్తరం వనపర్తి నుంచి. రాసింది ముగ్గురు స్నేహితులు. రాజావారి కోటలో నడిచే పాలిటెక్నిక్ ఉంది చూశారూ, అక్కడ చదువుతున్నారట. ఒకడిది వనపర్తే. రెండోవాడిది గద్వాల, నేతపనివాళ్ళ ఇల్లు. మూడోవాడిది నాగర్‌కర్నూల్, వాళ్ళ నాయన ట్రాక్టర్ల మెకానిక్కు. ఉత్తరం వాళ్ళ మాటల్లోనే వినండి:

"అన్నా! మొన్న ఫోన్ల ఒక పాత సినిమా చూసినం. హీరో ఫారిన్ల సదువుకొని ఇమానం దిగుతడు. నల్లద్దాలు, చేతుల సూట్‌కేసు, కింద చెల్లె దండ పట్టుకొని నిలవడ్డది. గా ఇమానానికి రెండు పంకలున్నయ్. అసుంటిది ఇప్పుడు మల్ల ఎగుర్తదా అని మాకు పంచాయితి పడ్డది. వనపర్తోడు ఎగుర్తది అంటడు. గద్వాలోడు ఎగరది, రంగేసి చౌరస్తల నిలవెట్టాల్సిందే అంటడు. నాగర్‌కర్నూలోడు ఎగుర్తదేమో గానీ ఎగరేయొద్దు అంటడు. ఓడినోడు ముగ్గురికీ బాల్కనీ టిక్కెట్లు, ఇంటర్వెల్ల సమోసాలు పెట్టాలె. తీర్పు నువ్వు చెప్పాలె."

చూశారా నా గతి! హీరోయిన్ల కొలతలు, హీరోల పారితోషికాలు అడిగితే ఏదో గడుసుగా తప్పించుకునేవాణ్ణి. వీళ్ళు నన్ను జడ్జి కుర్చీలో కూచోబెట్టేశారు. సరే, కేసు విందాం. ఎటువైపూ మొగ్గకూడదు గానీ ఒక్క నిజం ముందే ఒప్పుకుంటాను. ఉత్తరం చదవగానే నేను నాగర్‌కర్నూల్ తమ్ముడి పక్షం. ఎందుకంటే అతను కింద ఒక వాక్యం విడిగా రాశాడు: "మా నాయన పాత ఇంజన్ల తోనే బతుకుతడన్నా. ట్రాక్టరు ఆగిపోతే చేన్ల ఆగుతది. ఇమానం ఆగిపోతే యాడ ఆగుతది?"

ఈ ప్రశ్నకి జవాబు చెప్పకుండా తీర్పు ఇస్తే అది తీర్పే కాదు.

ముందు మన కథానాయకుడి పరిచయం. ఆ పాత సినిమాల్లోని రెండు పంకాల విమానాల్లో మహా ప్రసిద్ధమైనది అమెరికాలో డగ్లస్ కంపెనీవారు చేసిన డీసీ-3. మొదటిసారి ఎగిరింది 1935 డిసెంబరు 17న. యుద్ధకాలంలో సైన్యాలకి చేసినవాటితో కలిపి పదివేలకు పైగా తయారయ్యాయి. ఆంగ్లేయులు పెట్టిన ముద్దుపేరు డకోటా. మన దేశంలో అదే స్థిరపడింది. ముక్కు పైకెత్తి, తోక కింద చిన్న చక్రం మీద ఆనించి కూచుంటుంది. అందుకని నేలమీద ఉన్నప్పుడు ప్రయాణీకులు తలుపు దగ్గర్నుంచి ముందు సీటుకి గుట్ట ఎక్కినట్టు ఎక్కాలి! యుద్ధం అయిపోయాక మిగిలిపోయిన డకోటాలు చవగ్గా దొరికాయి. మన దేశంలో విమాన కంపెనీలు చాలావరకు వాటితోనే పుట్టాయి.

"మన పాలమూరుకీ దీనికీ ఏమిటి సంబంధం?" అంటారేమో. ఉంది. 1945లో నిజాం ప్రభుత్వం, టాటాలు కలిసి హైదరాబాదులో డెక్కన్ ఎయిర్‌వేస్ అని ఒక కంపెనీ పెట్టారు. బేగంపేట దాని ఇల్లు, డకోటాలు దాని రెక్కలు. అక్కణ్ణుంచి మద్రాసు, బెంగుళూరు, బొంబాయి, ఢిల్లీ. ఇప్పుడు ఒక పని చెయ్యండి. మ్యాపు తీసి బేగంపేట మీద ఒక చుక్క, బెంగుళూరు మీద ఒక చుక్క పెట్టి స్కేలుతో గీత గీయండి. ఆ గీత ఎక్కడినుంచి పోతోంది? సరిగ్గా నాగర్‌కర్నూల్‌కీ వనపర్తికీ మధ్యనుంచి! పైగా డకోటా మేఘాల పైకి పోయి మాయమయ్యే జాతి కాదు. లోపల గాలి నింపే ఏర్పాటు లేదు కనుక మామూలుగా పదివేల అడుగుల లోపే పోయేది. చేలో కలుపు తీసేవాళ్ళకి చప్పుడు వినిపించేటంత, తలెత్తి చూస్తే రెక్కలు కనిపించేటంత ఎత్తు అన్నమాట.

అన్నట్టు, సినిమాకి పనికొచ్చే కథ ఒకటి ఈ కంపెనీలో ఉంది. ప్రేమ్ మాథుర్ అనే అమ్మాయి 1947లో విమానం నడిపే కమర్షియల్ లైసెన్సు సంపాదించింది. మన దేశంలో ఆ లైసెన్సు పొందిన తొలి మహిళ. ఉద్యోగం కోసం కంపెనీల గుమ్మాలు ఎక్కింది, దిగింది. ఎనిమిది కంపెనీలు కాదన్నాయి. ఆడపిల్ల నడుపుతోందని తెలిస్తే ప్రయాణీకులు భయపడతారన్నారట! చివరికి సరే అన్నది మన హైదరాబాదు డెక్కన్ ఎయిర్‌వేస్. ఆమె కో-పైలట్‌గా కూచున్నది ఈ డకోటా కాక్‌పిట్‌లోనే. ఇంత కథని పట్టుకుని ఇన్నాళ్ళూ "డొక్కు" అన్నామే, లెంపలు వేసుకోవద్దూ!

1953 ఆగస్టు 1న డెక్కన్‌తో సహా ఎనిమిది కంపెనీలు కలిసిపోయి ఇండియన్ ఎయిర్‌లైన్స్ అయింది. తర్వాత ఒత్తిడి క్యాబిన్ల విమానాలొచ్చాయి, జెట్లొచ్చాయి. డకోటాలు క్యారెక్టర్ వేషాలకి దిగిన పాత హీరోల్లాగా సరుకులు మోశాయి, సైన్యానికి పనిచేశాయి, ఒక్కొక్కటే తెరమరుగయ్యాయి. 2008 మార్చిలో బేగంపేట నుంచి టిక్కెట్టు విమానాలూ శంషాబాదుకు తరలిపోయాయి.

ఇక గద్వాల తమ్ముడి వాదన విందాం. "ఎగరదు, రంగేసి నిలబెట్టాల్సిందే." ఇందులో సినిమా న్యాయం ఉంది. 1942లో వచ్చిన హాలీవుడ్ సినిమా 'కాసబ్లాంకా' ఆఖరి సీనులో పొగమంచులో ఒక విమానం నిలబడి ఉంటుంది. ప్రపంచమంతా కన్నీళ్ళు పెట్టుకుని చూసిన విమానం అది. అసలు సంగతేమిటంటే అది ఉత్త బొమ్మ! అసలు సైజు కంటే చిన్నది. ఆ చిన్నతనం కనబడకుండా పొట్టివాళ్ళకి మెకానిక్కుల వేషాలేసి దాని చుట్టూ తిప్పారు. మిగతాది పొగమంచు కప్పేసింది. కెమెరాకి అది చాలు. ముస్తాబు బావుంటే లోపల ఇంజను ఉందా లేదా అని ఎవడు చూస్తాడు?

నిలబెట్టడం కూడా తేలికేం కాదు లెండి. 2022 నవంబరులో హైదరాబాదు హోటలువారు ఒకరు రెస్టారెంటు చేద్దామని పనికిరాని విమానం ఒకటి కొని కొచ్చి నుంచి ట్రెయిలరు మీద తెప్పిస్తుంటే, బాపట్ల జిల్లా కొరిశపాడు దగ్గర వంతెన కింద ఇరుక్కుపోయింది. ఆకాశంలో తిరిగిన దొర, అండర్‌పాస్ దాటలేక జనం మధ్య నిలబడిపోయాడు! విమానానికి రెక్కలు తీసేస్తే అది మోయాల్సిన బరువే గదా మరి.

కానీ గద్వాల తమ్ముడూ, "ఎగరదు" అన్న ముక్క దగ్గర నువ్వు ఓడిపోయావు. సాక్షి ఉన్నాడు. పేరు పరశురామ!

రాజీవ్ చంద్రశేఖర్ గారని పార్లమెంటు సభ్యుడుగా చేసినాయన. ఆయన తండ్రి వైమానిక దళంలో డకోటా నడిపిన అధికారి. కొడుకు 2011లో తుక్కు కాబోతున్న ఒక డకోటాని సంపాదించి, ఇంగ్లండులోని కోవెంట్రీలో రిఫ్లయిట్ ఎయిర్‌వర్క్స్ అనే సంస్థ చేతుల్లో పెట్టారు. ఏళ్ళ తరబడి పని జరిగింది. 2018 ఏప్రిల్ 17న అది కోవెంట్రీ నుంచి లేచింది. ఓడలో రాలేదు, పెట్టెల్లో విడిభాగాలుగా రాలేదు. ఎగురుతూ వచ్చింది! ఫ్రాన్సు, ఇటలీ, గ్రీసు, జోర్డాన్, సౌదీ అరేబియా, బహ్రెయిన్, ఒమన్... మన పల్లెవెలుగు బస్సులాగా ప్రతి స్టేజీలో ఆగుతూ ఏప్రిల్ 25న జామ్‌నగర్‌లో దిగింది. 2018 మే 4న వైమానిక దళంలో చేరింది. 2021 జనవరి 26న ఢిల్లీ పరేడులో రెండు హెలికాప్టర్లని చెరోపక్క పెట్టుకుని ఎగిరింది. 2022 రిపబ్లిక్ డే నాడు మళ్ళీ ఎగిరింది.

దాని తోక మీద నంబరు వీపీ 905. 1947 అక్టోబరు 27న సిక్కు రెజిమెంటు సైనికులతో శ్రీనగర్‌లో దిగిన డకోటా నంబరు అది. ఇప్పుడున్నది ఆ విమానమే కాదు. ఆ వేషం కట్టిన మరో డకోటా. మన భాషలో చెప్పాలంటే డ్యూయల్ రోల్ కాదు గాని, అన్నగారి పాత్ర తమ్ముడు పోషించాడనుకోండి. ఎగరడం మాత్రం డూప్ లేకుండా తానే ఎగురుతున్నాడు.

ఇప్పుడు వనపర్తి తమ్ముడు కాలరెగరేసి "గెలిచిన!" అంటాడు. ఆగు తమ్ముడూ, ఇది ఇంటర్వెల్ మాత్రమే. ఎట్లా ఎగురుతుందో తెలిస్తే నీ కాలరు దానంతటదే దిగుతుంది.

1957 నాటి 'మాయాబజార్'కి రంగులద్ది 2010లో విడుదల చేశారు గదా. ఆ పనిలో ఎక్కడైనా రంగు కొంచెం తేడా వస్తే మనం ఏం చేస్తాం? "ఇక్కడ బాగాలేదురా" అని గొణుక్కుని పాప్‌కార్న్ తింటాం. విమానం దగ్గర ఆ గొణుగుడికి టైముండదు. అందుకే పని రంగు వెయ్యడంతో కాదు, రంగు వొలిచెయ్యడంతో మొదలవుతుంది. పొరలు పొరలుగా ఉన్న పాత పెయింటంతా తీసేస్తే లోపలి రహస్యాలు బయటపడతాయి. అల్యూమినియం తుప్పు ఇనుము తుప్పులాగా ఎర్రగా ఉండదు, తెల్లని పొడిలాగా ఉంటుంది. రెండు రేకులు కలిసేచోట, రివెట్ల కింద దొంగలాగా దాక్కుంటుంది. రివెట్లంటే పదో పాతికో కాదు, లక్షల్లో ఉంటాయి. అనుమానం వచ్చినచోటల్లా రివెట్లు తొలిచి, రేకు ఊడదీసి, చెడినంత మేరా కోసి, అదే రకం రేకుతో కొత్తది చేసి బిగించాలి. కంటికి కనబడని పగుళ్ళని రంగు ద్రవం పూసీ, ఎక్స్‌రే తీసీ వెతకాలి. రెక్కని మొండేనికి పట్టి ఉంచే బోల్టుల వరస మొత్తం చూడాలి. రబ్బరు గొట్టాలు, సీళ్ళు, కరెంటు తీగలు చూడ్డానికి బావున్నా సరే, మార్చాల్సిందే.

మరి అంత పాత విమానం అసలెందుకు నిలుస్తుందీ అంటే, దానికీ కారణం ఉంది. లోపల ఒత్తిడి పెంచే విమానం ప్రతి ప్రయాణంలో బుడగలాగా ఒకసారి ఉబ్బి ఒకసారి తగ్గుతుంది. అట్లా వేలసార్లు జరిగితే లోహం అలిసిపోయి పగుళ్ళిస్తుంది. 1954లో కామెట్ అనే తొలి జెట్ ప్రయాణ విమానాలు గాలిలోనే విచ్చిపోయింది అందుకే. డకోటాకి ఆ ఉబ్బడం లేదు. పైగా రెక్కలో ఒక దూలానికి బదులు మూడు దూలాలు పెట్టి కట్టారు. ఆ రోజుల్లో లెక్కలు తెలిసీ తెలియక భయంకొద్దీ గట్టిగా కట్టిన ఇల్లులాంటిదన్నమాట. ఆ భయమే దానికి ఆయుష్షయింది.

గద్వాల తమ్ముడూ, ఈ ముక్క నీకోసం. డకోటా ఒళ్ళంతా లోహమనుకుంటున్నావా? తోకకుండే చుక్కానికీ, విమానాన్ని పైకీ కిందికీ, పక్కలకీ వంచే రెక్కతట్టలకీ కప్పేది గుడ్డ! అవును, గుడ్డే. వెనుకటి రోజుల్లో మేలిరకం నూలుగుడ్డ. దాన్ని చట్రం మీద లాగి కుట్టి, డోపు అనే ఒక రకం లక్క పూస్తే ఆరి, మద్దెల చర్మంలాగా బిగుసుకుంటుంది. దారం ఎక్కడ వదులైనా, కుట్టు ఎక్కడ జారినా పైలట్ చేతిలో విమానం మాట వినదు. నూలు ఒంటికి పట్టు అంచు కలిపేచోట ఒక్క పోగు తప్పితే చీర మొత్తం తప్పినట్టేనని మీ ఇంట్లో మగ్గం మీద నేర్పుతారే, విమానం బాగుచేసేవాళ్ళ మొదటి పాఠమూ అదే. పాతదీ కొత్తదీ కలిసిన అతుకు దగ్గరే పనివాడి నిజాయితీ తేలుతుంది.

ఇక గుండెకాయ. రెండు ఇంజన్లు. ఒక్కోదానిలో పువ్వు రేకల్లాగా చుట్టూ రెండు వరసల్లో పధ్నాలుగు సిలిండర్లు. ఒక్కోటి పన్నెండువందల గుర్రాల బలం. కింది సిలిండర్లలోకి నూనె జారి నిలిచిపోతుంది. అది చూడకుండా స్టార్టు చేస్తే లోపలి రాడ్డు వంగిపోతుంది. అందుకని ముందు మనుషులు పంకాని చేత్తో తిప్పి చూస్తారు. మీరు సినిమాల్లో చూసే ఆ పంకా తిప్పుడు స్టైలు కాదు, వైద్యం! నూనె కారుతోందని కంగారుపడే కొత్తవాళ్ళకి పాత పైలట్లు ఒక జోకు చెబుతారు: "కారుతుంటే భయం లేదు, కారడం ఆగిందంటే లోపల అయిపోయిందని!"

ఆ ఇంజను తాగేది జెట్లు తాగే కిరసనాయిలు జాతి కాదు. ప్రత్యేకమైన విమాన పెట్రోలు కావాలి. గంటకు సుమారు 350 లీటర్లు. 2022 సెప్టెంబరులో ఇండియన్ ఆయిల్ వారు వడోదర దగ్గరి గుజరాత్ రిఫైనరీలో చేసింది తెచ్చేదాకా మన దేశం దాన్ని దిగుమతి చేసుకునేది. ఇవన్నీ అయ్యాక కాగితాలు. ఏ బోల్టు ఎక్కణ్ణుంచి వచ్చింది, ఎవరు బిగించారు, ఎవరు పరీక్షించారు... ప్రతి పనికీ ఒక సంతకం. ఆ సంతకం లేకపోతే బోల్టు బంగారంతో చేసిందయినా పనికిరాదు.

ఇప్పుడు ఆఖరి రీలు. నాగర్‌కర్నూల్ తమ్ముడి ప్రశ్న. "ఇమానం ఆగిపోతే యాడ ఆగుతది?"

మూడు జవాబులున్నాయి. మూడూ జరిగినవే.

ఒకటి. బోయింగ్ స్ట్రాటోలైనర్ అని చాలా అరుదైన ప్రయాణ విమానం. లోకంలో తయారైనవే పది. అందులో మిగిలింది ఒక్కటి. అమెరికాలో సియాటిల్ దగ్గర బోయింగ్ వాలంటీర్లు ఏళ్ళతరబడి శ్రమించి 2001లో దాన్ని ఎగరేశారు. 2002 మార్చి 28న అదే విమానం సియాటిల్ ఒడ్డున సముద్రపు నీళ్ళలో దిగిపోయింది. కారణం ఏ తుప్పో పగులో కాదు. ట్యాంకులో పెట్రోలు ఎంతుందో సరిగ్గా లెక్క చూసుకోలేదు! లోపలున్న నలుగురూ బతికి బయటపడ్డారు. తడిసిన విమానాన్ని పైకి తీసి, మళ్ళీ మొదట్నుంచీ బాగుచేసి, 2003లో వాషింగ్టన్ దగ్గరి స్మిత్‌సోనియన్ మ్యూజియానికి ఎగరేసుకు తీసుకెళ్ళి అక్కడ శాశ్వతంగా దించేశారు.

రెండు. 'ది ఫ్లయిట్ ఆఫ్ ది ఫీనిక్స్' అనే 1965 సినిమా. ఎడారిలో కూలిన విమానం ముక్కలతో ఇంకో విమానం చేసుకుని బయటపడే కథ. చూస్తుంటే ఈల వెయ్యాలనిపిస్తుంది. ఆ సినిమా కోసం కట్టిన విమానాన్ని కెమెరా ముందు నడుపుతూ పాల్ మాంట్జ్ అనే పేరు మోసిన స్టంట్ పైలట్ 1965 జూలై 8న చనిపోయాడు. సినిమాని ఆయనకే అంకితమిచ్చారు. తెర మీద బతికినవాళ్ళంతా తెర వెనుక ఒకరి ప్రాణం మీద బతికారన్నమాట.

మూడోది చెప్పడానికి చెయ్యి రావడం లేదు. స్విట్జర్లాండులో 1939 నాటి యుంకర్స్ జూ-52 విమానాలలో టిక్కెట్లు అమ్మి జనాన్ని కొండల మీద తిప్పేవారు. 2018 ఆగస్టు 4న ఒకటి కొండల్లో కూలిపోయింది. ఇరవైమంది. ఒక్కరూ మిగల్లేదు. పైలట్లు ప్రమాదకరంగా నడిపారని విచారణలో తేలింది. విమానంలో తుప్పు, నిర్వహణలో లోపాలూ బయటపడ్డాయి. మన పరశురామ గుజరాత్‌లో దిగి నాలుగు నెలలు కూడా కాలేదు అప్పటికి. ఒకే సంవత్సరం, రెండు పాత విమానాలు. ఒకదానికి చప్పట్లు, ఇంకోదానికి ఇరవై శవపేటికలు.

ఆ ఇరవైమందీ మనలాంటివాళ్ళే. పాత రోజుల్ని ఒక్కసారి రుచి చూద్దామని ఎక్కినవాళ్ళు. రివెట్టు కింద ఏముందో వాళ్ళకేం తెలుసు? టిక్కెట్టు కొన్నవాడు విమానాన్ని నమ్మడు తమ్ముడూ, దానికింద సంతకం పెట్టినవాణ్ణి నమ్ముతాడు.

ఇక తీర్పు.

వనపర్తి తమ్ముడూ, ఎగురుతుంది. నువ్వు చెప్పింది నిజం. గద్వాల తమ్ముడూ, ప్రతి పాత విమానాన్నీ ఎగరెయ్యలేం. లోహం కాదన్ననాడు గౌరవంగా నిలబెట్టడమే మర్యాద. స్ట్రాటోలైనర్‌కి జరిగిందీ అదే. నీ మాటా నిజం. నాగర్‌కర్నూల్ తమ్ముడూ, నీ మాట సగం ఒప్పుకుంటాను. "ఎగరేయొద్దు" అనను. తెలిసినవాళ్ళు, ఆ ప్రమాదం తమదేనని తెలిసి ఎక్కినవాళ్ళు ఎగరేయవచ్చు. టిక్కెట్టు అమ్మి అమాయకుల్ని ఎక్కించకూడదు. పైలట్ రెడీ అన్నా, మంత్రిగారు రిబ్బను పట్టుకుని నిలబడ్డా, టీవీ కెమెరాలు తిరుగుతున్నా సరే, మెకానిక్ "ఇయ్యాల కాదు" అంటే ఆ రోజు విమానం లేవకూడదు. నీ ప్రశ్నని పెద్ద అక్షరాలతో రాసి ప్రతి పాత విమానం షెడ్డు తలుపు మీదా వేలాడదీయాలి: ఆగిపోతే యాడ ఆగుతది?

ఆ ప్రశ్న అడగడం నీకెవరు నేర్పారు? మీ నాయన. ట్రాక్టరు కింద పడుకుని, మొహం మీద నూనె కారుతుంటే చెవి పెట్టి ఇంజను వింటాడే, ఆయన. లోకంలో డకోటాలకి కరువొస్తే ఎక్కడో ఒకచోట దొరుకుతాయి. చెవిపెట్టి వినేవాళ్ళకి కరువొస్తే ఎక్కడా దొరకరు. పంకా ఇంజన్ల పని తెలిసిన చేతులు ఏటేటా తగ్గిపోతున్నాయి. తమ్ముడూ, డీజీసీఏ ఇచ్చే ఎయిర్‌క్రాఫ్ట్ మెయింటెనెన్స్ ఇంజనీరు లైసెన్సని ఒకటుంది. కష్టమైన పరీక్షలే. కానీ "నమ్మొద్దు" అనడం తెలిసినవాడే ఆ సంతకం పెట్టడానికి అర్హుడు. నువ్వు సంతకం పెట్టిన విమానమైతే నేను కళ్ళు మూసుకుని ఎక్కుతాను.

ఇక పందెం సంగతి. ముగ్గురి మాటా నిజమైతే మరి ఓడిందెవరు? ఇంకెవరు, ఇన్నేళ్ళూ పాత బస్సుని చూసి "డకోటా" అని నవ్వినవాడు. బాల్కనీ టిక్కెట్ల డబ్బు మూడింటికీ పంపిస్తున్నాను. సమోసాల డబ్బు కూడా కలిపాను. సినిమా ఏదో మీ ఇష్టం. హీరో విమానం దిగే సీనొస్తే మాత్రం ఒక్క క్షణం హీరోని వదిలి వెనక్కి చూడండి. పంకా ఆగిన ఇంజను కింద నూనెగుడ్డ పట్టుకుని ఎవరైనా నిలబడి ఉన్నాడేమో చూసి నాకు రాయండి.

వచ్చేవారం మళ్ళీ కలుద్దాం. అంతవరకూ సెలవ్!